బరువు మోసేవారికి మాట ఉండాలి

ఏజెన్సీలో ప్రభుత్వం అంటే ఎవరు? గూడెం మనిషిని అడిగితే సచివాలయం పేరు చెప్పడు, కలెక్టరేట్ పేరు కూడా చెప్పడు. అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, బడి పంతులు, ఆశ్రమ పాఠశాల వార్డెన్, ఫారెస్టు బీట్ ఆఫీసర్, రేషన్ డిపో సేల్స్‌మన్ - వీళ్లే అతనికి ప్రభుత్వం. జ్వరం మందు అందకపోయినా, బియ్యం రాకపోయినా, పిల్లవాడికి చదువు రాకపోయినా జనం అడిగేది వీళ్లనే. కోపం వస్తే తిట్టేదీ వీళ్లనే. కానీ ఆ మందు ఎప్పుడు రావాలో, ఆ బియ్యం ఎలా పంచాలో, ఆ చదువు ఏ భాషలో మొదలవ్వాలో నిర్ణయించే చోట వీళ్లెవరూ ఉండరు.

పని చేసే మనిషికి ఆ పని గురించిన నిర్ణయంలో చోటు ఉండాలా? ఉండాలంటే, అది పై అధికారి మంచితనంతో ఇచ్చే మర్యాదా, లేక న్యాయంగా రావలసిన హక్కా? ఇది ఉద్యోగ సంఘాలు మాట్లాడుకోవలసిన సంగతి, మనకెందుకు అని యువత అనుకోవచ్చు. నిజానికి మనకే ఎక్కువ సంబంధం ఉన్న ప్రశ్న ఇది. ఎందుకో చూద్దాం.

మన ప్రాంతంలో ఉద్యోగాలు మనకే దక్కాలన్న పోరాటం చాలా పాతది. 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబర్ 3 ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని అది చెప్పింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. దానికి బదులు ఏదో ఒక రక్షణ కావాలని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆదివాసీలు అడుగుతూనే ఉన్నారు. ఆ కోరిక న్యాయమైనది. అయితే దాని వెనుక ఇంకో ప్రశ్న ఉంది. రేపు ప్రతి బడిలో మన పంతులే ఉన్నాడనుకుందాం. ప్రతి సబ్‌సెంటర్‌లో మన ఆడబిడ్డే ఏఎన్ఎం అనుకుందాం. వాళ్లు చేసే పనంతా పైనుంచి వచ్చిన ఆదేశాన్ని కింద అమలు చేయడమే అయితే, మనకు వచ్చింది ఏమిటి? ఉద్యోగం వచ్చింది. మాట రాలేదు.

ఈ రెండింటికీ మధ్య తేడా ఏమిటో మన చరిత్రే చూపిస్తుంది.

గోదావరి మన్యంలో ముఠాదారులు ఉండేవారు. వాళ్లలో చాలామంది కొండవాళ్లే, మన మనుషులే. పైవాళ్లు అడిగిన శిస్తు వసూలు చేసి కట్టాలి. కింద జనం కోపాన్ని భరించాలి. శిస్తు ఎంత ఉండాలో, అడవిలో ఏది నిషేధమో, కల్లు మీద పన్ను ఎందుకో నిర్ణయించింది మాత్రం వాళ్లు కాదు. 1879లో రంప తిరుగుబాటు రగిలినప్పుడు కొందరు ముఠాదారులు కూడా జనం వైపు నిలబడ్డారు. రెండు వైపులా నలిగిన మనిషి ఏదో ఒక రోజు ఒక వైపు తేల్చుకోవలసి వస్తుంది. ముఠాదారీ వ్యవస్థను 1969లో చట్టం ద్వారా రద్దు చేశారు. ఆ పేరు పోయింది. కానీ ఆ స్థానం పోయిందా అన్నది అడగవలసిన ప్రశ్న. పై ఆదేశానికీ కింది కోపానికీ మధ్య మాట లేకుండా నిలబడే స్థానం అది.

ఆదిలాబాద్ వైపు ఇంకో అనుభవం ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, గోండుల కష్టాలకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పని చేశాడు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ చదువుకున్న యువకులు పంతుళ్లయ్యారు, మరికొందరు ప్రభుత్వంలో చిన్న ఉద్యోగాల్లో చేరారు. అంతవరకు బయటివాళ్లే చేసిన పనుల్లోకి మనవాళ్లు వచ్చారు. ఆ ప్రయత్నంలో విలువైనది ఉద్యోగాల లెక్క ఒక్కటే కాదు. ఆ చదువు పిల్లల ఇంటి భాషలో మొదలైంది. పంతులు తన ఊరి కథను, తన భాషను బడిలోకి తీసుకురాగలిగాడు. తర్వాతి కాలంలో ఆ వాచకాలు మూలపడ్డాయి. పంతులు మిగిలాడు. చేతికి వేరే పుస్తకం వచ్చింది, అది ఎందుకు మారిందో అతన్ని అడిగినవారు లేరు.

ఇప్పటి సంగతికి వద్దాం. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం 2015 నుంచి ఉంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. కేంద్రానికి వచ్చి అక్కడే తినాలన్నది దాని మూల ఆలోచన. ఆ ఆలోచనలో న్యాయం ఉంది. సరుకు ఇంటికి ఇస్తే అది అందరి కంచాల్లోకి పోయి తల్లికి మిగలకపోవచ్చు. మైదానంలో ఇళ్లన్నీ ఒక్కచోట ఉండే ఊరికి ఇది సరిపోతుంది. కానీ మూడు కొండల మీద మూడు గుంపులుగా ఇళ్లుండే ఊరిని ఊహించండి. కేంద్రం ఒక కొండ మీద ఉంటుంది. ఎనిమిదో నెల నిండిన మనిషి వాగు దాటి, కొండ దిగి, మళ్లీ ఎక్కి అన్నం కోసం రావాలి. ఒక పూట తినడానికి రెండు పూటల శక్తి ఖర్చు. ఆమె రాదు. రిజిస్టర్‌లో ఏం రాయాలి? రాలేదని రాస్తే మెమో వస్తుంది. వచ్చిందని రాస్తే అది అబద్ధం.

ఆ అంగన్‌వాడీ టీచర్‌కు పరిష్కారం తెలుసు. వారంలో కొన్ని రోజులు ఆయాతో అన్నం పంపవచ్చు. ఆ గుంపులోనే ఒకరింట వండించవచ్చు. వాగు పొంగే రెండు నెలలకు వేరే ఏర్పాటు చేయవచ్చు. తెలిసినా చేసే అధికారం ఆమెకు లేదు. చెప్పడానికి ఒక చోటు ఉందా? నెలనెలా సెక్టార్ మీటింగ్ ఉంటుంది. అక్కడ ఎక్కువగా జరిగేది పైనుంచి వచ్చిన మాటను కిందికి చెప్పడం, కింది నుంచి అంకెలను పైకి పంపడం. అంకెలు పైకి పోతాయి, కారణాలు పోవు.

సెల్‌ఫోన్ యాప్‌లు వచ్చాక ఈ తీరు ఇంకా గట్టిపడింది. హాజరు యాప్‌లో, తూకం యాప్‌లో, ఫొటో యాప్‌లో. సిగ్నల్ కోసం చెట్టెక్కే, గుట్టెక్కే కార్యకర్తల సంగతి మనందరికీ తెలిసిందే. ఆ యాప్ తయారు చేసేముందు సిగ్నల్ లేని చోట పనిచేసే మనిషిని ఒక్కరినైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే, దాని రూపం వేరుగా ఉండేది.

ఇక అసలు ప్రశ్న. క్షేత్రస్థాయి ఉద్యోగికి నిర్ణయంలో చోటు ఎందుకు ఉండాలి? మామూలుగా చెప్పే కారణం, వాళ్లకు నేల సంగతి తెలుసు కాబట్టి అని. ఇది నిజమే, కానీ దీని మీద మాత్రమే నిలబడితే మనం జారిపోతాం. తెలివే కారణమైతే, ఆ తెలివిని తీసుకుని మనిషిని వదిలేయవచ్చు. ఒక సర్వే చేస్తారు, ఫారం నింపిస్తారు, సమాచారం తీసుకుపోతారు. నిర్ణయం మళ్లీ వాళ్లదే. అడవిలో చెట్ల పేర్లు, మందు మొక్కల పేర్లు మనల్ని అడిగి రాసుకుపోయిన బయటివాళ్ల సంగతి మనకు కొత్త కాదు. పేర్లు తెలిసినంత మాత్రాన అడవి మీద మాట మనకు రాలేదు.

రెండో కారణం గౌరవం. గొడ్డలిని ఎవరూ అడగరు, ఏ కొమ్మ నరకాలి అని. మనిషిని అలా వాడుకోకూడదు. ఇది కూడా నిజమే. అయితే గౌరవాన్ని ఒక శాలువాతో, ఒక ప్రశంసా పత్రంతో సరిపెట్టేవాళ్లు ఉన్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకు అవార్డు ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయ్యాక కూడా వాళ్లు ‘గౌరవ’ కార్యకర్తలుగానే ఉన్నారు.

మూడో కారణమే అన్నిటికన్నా గట్టిది. ఒక పనికి జవాబు చెప్పవలసింది ఎవరో, ఆ పని తీరు మీద మాట ఉండవలసింది వారికే. నిర్ణయం ఒకరిది, నింద ఇంకొకరిది కాకూడదు. మన పెద్దల పంచాయితీ చూడండి. ఊరి పండుగకు ఇంటింటికీ ఎంత చందా అన్నది అందరూ కూర్చుని తేల్చుకుంటారు. అందుకే తర్వాత ఇవ్వనివాడిని నిలదీసే హక్కు ఊరికి ఉంటుంది. మాట లేనివాడి మీద తప్పు మోపడం మన కట్టుబాటు ఒప్పుకోదు. కొండ మీది తల్లి భోజనానికి రాలేదని అంగన్‌వాడీ టీచర్‌కు మెమో ఇచ్చే ప్రభుత్వం, ఆ భోజనం ఎక్కడ పెట్టాలన్న మాటలో ఆమెకు చోటివ్వకపోవడం అన్యాయం. ఆమె తెలివైనదా కాదా అన్నది తర్వాతి ప్రశ్న.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి. వాటిని తేలిగ్గా తీసుకోకూడదు.

మొదటిది: ప్రభుత్వ సేవ ఉద్యోగుల సొత్తు కాదు, ప్రజలది. ప్రజలు ఎన్నుకున్నవారు నిర్ణయిస్తారు, ఉద్యోగి అమలు చేస్తాడు. ఉద్యోగి నిర్ణయించడం మొదలుపెడితే ఓటుకు విలువేముంది? ఇందులో సగం నిజం ఉంది. ప్రతి గర్భిణికీ మంచి తిండి అందాలన్నది ప్రజలు, ప్రభుత్వం నిర్ణయించవలసిన లక్ష్యం. దాన్ని ఏ కార్యకర్తా మార్చకూడదు. ఆ తిండి ఆ కొండ మీదికి ఎలా చేరాలన్నది దారి. లక్ష్యం పైనుంచి రావచ్చు, దారి నడిచేవాళ్లతో కలిసి తేలాలి.

రెండోది మనల్ని ఇబ్బంది పెట్టే వాదన. ఉద్యోగులకు మాట ఇస్తే తమ సౌకర్యమే చూసుకుంటారు. ఇదీ అబద్ధం కాదు. మండల కేంద్రంలో కాపురం పెట్టి జీపు దొరికాక బయలుదేరే పంతులు, బడి పదకొండింటికి మొదలవ్వాలని కోరవచ్చు. అది క్షేత్రస్థాయి మాటే, కానీ పిల్లల పక్షం మాట కాదు. అందుకే ఉద్యోగి మాట నాలుగు గోడల మధ్య కాక, ఊరి ముందు వినిపించాలి. గ్రామసభలో నిలబడి తన కారణం చెప్పాలి. వాగు పొంగింది కాబట్టి బడి వేళ మార్చాలంటే ఊరు ఒప్పుకుంటుంది. జీపు రాలేదు కాబట్టి అంటే ఊరే జవాబు చెబుతుంది.

దీనికి చట్టంలో కొంత ఆధారం ఉంది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 43-ఎ అధికరణం చేరింది. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు పాత్ర ఉండాలని అది చెబుతుంది. అయితే దాని చూపు పరిశ్రమల మీద. బడి, సబ్‌సెంటర్, అంగన్‌వాడీ అందులో కనిపించవు. అంగన్‌వాడీ వాళ్లదైతే ఉద్యోగమా కాదా అన్నదే తేలని స్థితి. వాళ్లది సివిల్ పోస్టు కాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో అదే కోర్టు చెప్పింది. పూర్తి ఉద్యోగమని ఒప్పుకోనివాళ్లకు నిర్ణయంలో చోటు ఎవరిస్తారు? అందుకే ఈ రెండు పోరాటాలూ విడివిడివి కావు.

మన ప్రాంతాలకు ఇంకో చట్టం ఉంది, పెసా. 1996లో పార్లమెంటు చేసిన ఈ చట్టం, సామాజిక రంగాల్లోని సంస్థల మీద, వాటి సిబ్బంది మీద అదుపు చేసే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీలకు ఉండేలా చూడాలని చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో నియమాలు కూడా తెచ్చింది. ఈ మాటను చాలామంది పంతులు మీద, ఏఎన్ఎం మీద ఫిర్యాదు చేసే అధికారంగా మాత్రమే చదువుతారు. దానికి రెండో వైపు కూడా ఉంది. సిబ్బంది గ్రామసభకు జవాబు చెప్పాలంటే, గ్రామసభ ముందు మాట్లాడే స్వేచ్ఛ కూడా సిబ్బందికి ఉండాలి. ‘మందులు రాలేదు, ఇదిగో నేను పెట్టిన ఇండెంటు’ అని ఊరికి చూపించిన ఏఎన్ఎంకు మరుసటి వారం బదిలీ ఆర్డరు రాకూడదు.

మూడో వాదన: అన్నీ కింద తేల్చుకోలేం. ఇది పూర్తిగా నిజం, ఒప్పుకోవాలి. మలేరియా మందు మోతాదు, టీకాకూ టీకాకూ మధ్య ఎన్ని వారాలు, సికిల్‌సెల్ పరీక్ష ఎలా చేయాలి అన్నవి మీటింగ్‌లో చేతులెత్తి తేల్చే విషయాలు కావు. కానీ టీకా రోజు వారపు సంత రోజున పెట్టాలా వద్దా, పరీక్ష గురించి కువిలోనో కోయలోనో ఎవరు చెప్పాలి అన్నవి తప్పకుండా కింద తేల్చవలసినవే. శాస్త్రం చెప్పినదాన్ని జనం దగ్గరికి చేర్చే దారి శాస్త్రంలో రాసి ఉండదు.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పై అధికారి మనల్ని అడగడం లేదని మనం బాధపడతాం. ఆశ్రమ పాఠశాలలో మన కింద ఎవరున్నారో చూద్దాం. వంటమనిషి ఉంది, కామాటి ఉన్నాడు, రాత్రి కాపలా మనిషి ఉన్నాడు. చాలాచోట్ల వాళ్లు రోజుకూలీ మీద ఉన్నవాళ్లు, ఎక్కువమంది మన మనుషులే. ఏ పిల్ల రెండు రోజులుగా అన్నం వదిలేస్తోందో మొదట తెలిసేది వంటమనిషికి. రాత్రి ఏ పిల్లవాడు జ్వరంతో మూలుగుతున్నాడో, ఏ పిల్ల ఇంటి మీద బెంగతో ఏడుస్తోందో తెలిసేది కాపలా మనిషికి. స్టాఫ్ మీటింగ్‌లో వాళ్లకు కుర్చీ ఉందా? వాళ్లు చెప్పింది రిజిస్టర్‌లో ఎక్కుతుందా? ఆశ్రమ పాఠశాలలో పిల్లల ప్రాణాలు పోయిన వార్త విన్నప్పుడల్లా మనం డాక్టరు ఎందుకు రాలేదని అడుగుతాం. ముందు రోజు రాత్రి ఆ పిల్ల సంగతి ఎవరికి తెలుసు, తెలిసిన మనిషి మాటకు విలువ ఉందా అని కూడా అడగాలి. మనకు హక్కుగా కావాలన్నది మన కింద పనిచేసేవాళ్లకు ఇవ్వకపోతే, మనం అడుగుతున్నది న్యాయం కాదు, మన వాటా మాత్రమే.

మరి ఏం చేయవచ్చు? కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేని పనులు ఉన్నాయి. సెక్టార్ మీటింగ్‌లో, కాంప్లెక్స్ మీటింగ్‌లో సగం సమయం కింది నుంచి వచ్చే మాటకు కేటాయించాలని అడగవచ్చు. ఒక కార్యకర్త రాసిచ్చిన సూచనకు ఔననో కాదనో, కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరవచ్చు. కారణం రాయవలసి వస్తే, ‘పైనుంచి అలా చెప్పారు’ అన్న మాట కాగితం మీద నిలబడదు. కొత్త పద్ధతిని ఐటీడీఏ పరిధి అంతటా ఒక్కసారే పెట్టకుండా, ఒక పీహెచ్‌సీ పరిధిలో, నాలుగు బడుల్లో పనిచేసేవాళ్లతో కలిసి ముందు చేసి చూడాలని అడగవచ్చు. ఏడాది పని ప్రణాళికలో దండారి, ఇటుకల పండుగ, సంత రోజులు, వాగు పొంగే నెలలు ముందే గుర్తించాలని పట్టుబట్టవచ్చు. బడి యాజమాన్య కమిటీలో ఉపాధ్యాయుడికి, గ్రామ ఆరోగ్య కమిటీలో ఆశా కార్యకర్తకు ఇప్పటికే చోటు ఉంది. ఆ చోటును సంతకానికి కాక మాటకు వాడుకోవచ్చు.

కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు జరుగుతుంది. అధికారులు వచ్చి కూర్చుంటారు, జనం తమ గోడు చెప్పుకుంటారు. హైమన్‌డార్ఫ్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అది. ఆ దర్బారులో జనానికి, అధికారికి మధ్య నిలబడి చేతులు కట్టుకుని ఉండే మనిషి ఒకరుంటారు. ఊరి పంతులో, ఏఎన్ఎమ్మో, అంగన్‌వాడీ టీచరో. జనం చెప్పే గోడులో సగానికి కారణం వారికి తెలుసు. అధికారి ఇచ్చే హామీలో ఎంత జరుగుతుందో కూడా తెలుసు. వారిని మాత్రం ఎవరూ అడగరు, వారూ నోరు తెరవరు.

డీఎస్సీకి, నర్సింగ్‌కు, పోలీసు ఉద్యోగానికి, ఫారెస్టు ఉద్యోగానికి చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ రేపు ఆ మధ్య స్థానంలో నిలబడబోయేది మీరే. ఉద్యోగం తెచ్చుకోండి, అది మీ కష్టార్జితం. అయితే ఆ ఉద్యోగంలో మీ ఊరికి పైవాళ్ల ఆదేశం చేరవేసే మనిషిగా మాత్రమే మిగలకండి. మీ ఊరి కారణాలను పైకి చేరవేయండి. చేరవేసినందుకు శిక్ష పడని రోజు కోసం కలిసి నిలబడండి. మీ కింద ఎవరైనా పనిచేస్తుంటే, ముందు వారి మాట వినండి.